సవరణ: అంగన్‌వాడీ పిల్లల ఆట సమయం, బరువు కొలత
ఒడిశాలోని పర్లాకిమిడి అంగన్‌వాడీ పిల్లల్లో ఊబకాయ నివారణ గురించి గత వారం రాస్తూ, మూడు నాలుగేళ్ల వారికి రోజుకు 60 నిమిషాల ఆట చాలునని నేను పేర్కొనడం పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం ఆ వయసువారికి రోజు మొత్తంమీద కనీసం 180 నిమిషాల కదలిక ఉండాలి. ఆ 60 నిమిషాలు అందులో ఆయాసం వచ్చేలా పరుగులు తీయవలసిన భాగం మాత్రమే.

బరువు ఒక్కటే చూసి లావని తేల్చవచ్చన్న మాటనూ వెనక్కి తీసుకుంటున్నాను. ఐదేళ్ల లోపు వారికి ఎత్తుకు తగ్గ బరువే కొలత కనుక, చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి నిలబెట్టడం తూకమంత ముఖ్యం. పిల్లల కొలతలు రాసే కార్డు ఒడియాలో ఉన్నా మన తెలుగు తల్లులు ఎత్తు ఎంతో కూడా అడిగి తెలుసుకోవాలి. నా మొదటి రాత చదివి, బరువు చూసి లావనుకుని ఎవరైనా పిల్లలకు గుడ్డు మాన్పించి ఉంటే దయచేసి వెంటనే మళ్లీ పెట్టండి.