ఉల్లి వద్దంటే

కార్తీక సోమవారం ఉదయం ఏడూ ఇరవైకి ఫోన్ మోగింది. చిక్కడపల్లి టిఫిన్ సెంటర్ ఓనర్‌గారు. నేను హలో అనకముందే, "బాబూ, మీ కంప్యూటర్‌కి మా మీదేమైనా పగా?" అన్నారు.

మేం మాదాపూర్‌లో ఓ మూడో అంతస్తులో కూర్చుని హోటళ్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. నా పని టెస్టింగ్. అంటే అందరూ "అయిపోయింది" అని చేతులు కడుక్కున్నాక "ఇంకా కాలేదు" అనడం. ఈ ఉద్యోగంలో మంచిపేరు రాదు.

ఆదివారం రాత్రి ఆ సెంటర్‌వాళ్ల ఆరు బ్రాంచీలకూ కొత్త వెర్షన్ ఎక్కించాం. పెద్ద మార్పేం కాదు. వంటింట్లోకి వెళ్లే ఆర్డర్ చీటీ అప్పటిదాకా ఇంగ్లిష్‌లో ఉండేది, ఇకమీదట తెలుగులో వస్తుంది. అంతే.

ఎక్కించేముందు నేను లెక్క రాసుకుని మేనేజర్‌గారి దగ్గరికి వెళ్లాను. ప్రింటర్లు 4 రకాలు, ట్యాబ్లెట్లు 5 రకాలు, ఆండ్రాయిడ్ వెర్షన్లు 3, భాషలు 2. అన్నీ కలిపి చూస్తే 120 రకాలు. ఒక్కోదానికి 20 నిమిషాలనుకున్నా 40 గంటలు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. మా దగ్గర ఒక్కో మెతుకూ ఒక్కో పొయ్యి మీద ఉడుకుతుంది.

"వారం రోజులు నువ్వు చీటీలు ప్రింట్ చేస్తూ కూర్చుంటావా?" అన్నారు సార్.

"పోనీ వాళ్ల వంటింట్లో ఉండే చిన్న ప్రింటర్ ఒకటి కొనిపెట్టండి సార్. 2,600 అంతే."

"మనకో ప్రింటర్ ఉందిగా!"

ఉంది. 80 మిల్లీమీటర్ల కాగితంది. అడ్డంగా 576 చుక్కలు పడతాయి. చిక్కడపల్లిది 58 మిల్లీమీటర్లది, 384 చుక్కలే. ఆ ప్రింటర్లకు తెలుగు అక్షరాలు రావు కాబట్టి వరుస మొత్తాన్ని బొమ్మగా చేసి పంపుతాం. బొమ్మ పట్టకపోతే కుడివైపు మిగిలింది గాల్లో కలిసిపోతుంది.

సార్ అక్కడితో ఆగలేదు. "క్రౌడ్‌స్ట్రైక్ అంతటివాళ్లకే తప్పలేదోయ్" అని భుజం తట్టారు. నిజమే. క్రౌడ్‌స్ట్రైక్ అంటే కంప్యూటర్లకు కాపలా కాసే సాఫ్ట్‌వేర్ చేసే పెద్ద కంపెనీ. 2024 జులై 19న వాళ్లు పంపిన ఒక్క అప్‌డేట్‌కి సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పనిమానేసి నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. మన శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. 20 విలువలు మాత్రమే ఇచ్చే ప్రోగ్రామ్‌ని ఆ అప్‌డేట్‌లోని ఫైలు 21వది అడిగింది. టెస్టుల్లో ఆ 21వ చోట "ఏదైనా ఫర్వాలేదు" అనే గుర్తు పెట్టారు కాబట్టి తప్పు బయటపడలేదు. ఈ కథ విని భయపడాల్సింది పోయి, మా సార్ ధైర్యం తెచ్చుకున్నారు.

మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో మారి, చిక్కడపల్లిలో దిగి పరిగెత్తాను. కౌంటర్ దగ్గర గుడి నుంచి తిన్నగా వచ్చిన జనం. ముందు ఒక పెద్దావిడ, చేతిలో పెసరట్టు ప్లేటు. మామూలుగా పెసరట్టు మీద పిడికెడు ఉల్లి చల్లుతారు. ఈ ప్లేటులో అట్టు కనబడటం లేదు, ఉల్లిగుట్ట ఒకటే కనబడుతోంది.

"నాయనా, వద్దని రెండుసార్లు చెప్పానే! సోమవారం పూట ఉల్లా?"

వంటింట్లోకి వెళ్లాను. మాస్టర్ నావైపు చూడకుండా చీటీ ముందుకు తోశాడు.

"గీ చీటీల ఏమున్నదో సదువు సార్. 'పెసరట్టు ఉప్మా, ఉల్లి'. జెర ఎక్కువ ఎయ్యమన్నరేమో అనుకున్న. పొద్దుగాల సంది అందరూ ఉల్లే అడుగుతున్నరు. ఏం సోమవారమో ఏమో!"

చీటీ వెలుతురులో పెట్టి చూశాను. "ఉల్లి" తర్వాత వ అక్షరం తలకట్టు ముక్క, చీమంత, కాగితం అంచున వేలాడుతోంది. మిగతా "వద్దు" గాల్లో కలిసిపోయింది.

ఇంగ్లిష్ చీటీల తోకలు కూడా అప్పుడప్పుడూ తెగేవట. అయినా రెండేళ్లుగా ఒక్కరూ పట్టించుకోలేదు. "నో ఆనియన్"లో కాదనేది ముందే వస్తుంది. "నో ఆని" దాకా చదివినా మాస్టర్‌కి చాలు. మన తెలుగుకి మొహమాటం ఎక్కువ. ముందు ఉల్లిని పిలిచి కూర్చోబెట్టి, చిట్టచివర్లో మెల్లగా వద్దంటుంది. ఆ చివరే మేం కత్తిరించేశాం. మూలన ఒక షుగర్ పేషెంటు "టీ, చక్కెర" అనే చీటీ మీద వచ్చిన పానకాన్ని పట్టుకుని డాక్టర్‌కి ఫోన్ చేస్తున్నాడు.

ఆ పూట వెనక్కి వచ్చిన ప్లేట్లు 63. ఒక్కోటి 75 రూపాయలు. ఓనర్‌గారు 4,725 అని చీటీ వెనకే రాసి నా జేబులో పెట్టారు.

పదకొండింటికల్లా వాక్యం తిప్పేశాం. "వద్దు ఉల్లి, పెసరట్టు ఉప్మా." మాస్టర్ మొదటి చీటీ పైకి చదివి, "మంత్రం లెక్కున్నది సార్" అన్నాడు.

సాయంత్రానికి మా సార్ చిన్న ప్రింటర్ కొనడానికి ఒప్పుకున్నారు. మర్నాడు అకౌంట్స్ నుంచి మెయిల్ వచ్చింది: 2,600 రూపాయల కొనుగోలుకి మూడు కొటేషన్లు జతచేయగలరు. జత చేద్దామని ప్రింట్ ఇస్తే, మూడో కొటేషన్‌లో ధర ఉన్న కుడివైపు గడి రాలేదు.