పాత పుస్తకాలన్నీ నెట్‌లో ఉన్నాయా?

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "పాత తెలుగు పుస్తకాలన్నీ నెట్‌లోకి వచ్చేశాయి. పేరు కొడితే చాలు. పీడీఎఫ్ ఉంటే పుస్తకం ఉన్నట్టే. ఇంకా అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి పోవడం దండగ." ఒక్కో ముక్కా చూద్దాం.

"అన్నీ వచ్చేశాయి." చాలా వచ్చాయి, కాదనలేం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పెద్దఎత్తున చేయించిన స్కాన్లు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. కానీ రచయిత చనిపోయిన ఏడాది ముగిశాక మరో 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. విశ్వనాథ 1976లో పోయారు, లెక్క 2036 చివరిదాకా. శ్రీశ్రీకి 2043 చివరిదాకా. అనుమతి లేకుండా ఎక్కించిన ఫైలును ఫిర్యాదు రాగానే తీసేస్తారు. అలాంటి లింకును నమ్ముకోలేం.

"పేరు కొడితే చాలు." అసలు చిక్కంతా ఇక్కడే. ఆ స్కాన్ల పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించినవి. దీర్ఘానికి ఒకచోట ఒక ఏ, ఇంకోచోట రెండు. 'శ'కు ఒకచోట ఎస్, ఇంకోచోట ఎస్‌హెచ్. అందుకే పూర్తి పేరు కొట్టకండి. దీర్ఘాలూ ఒత్తులూ లేని ఒక్క ముక్క తీసుకుని వెతకండి.

పుస్తకం లోపలి మాట వెతకాలంటే ఓసీఆర్, అంటే పేజీ బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్, సరిగ్గా చదివి ఉండాలి. అది 'ఋ'ను 'బు' పక్కన కొమ్ముగా చదివేస్తుంది. 'మాఘం' కాస్తా 'మాఫుం' అవుతుంది, 'ఝ' 'రుు' అవుతుంది. వరుసలు దగ్గరదగ్గరగా ఉన్న పాత అచ్చులో పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది, రెండూ కలిసి కొత్త అక్షరం పుడుతుంది! మీరు 'ఋషి' అని వెతికితే ఋషి ఎలా దొరుకుతాడు? వికీపీడియాకు తోబుట్టువైన వికీసోర్స్ అనే పుస్తకాల సైటులో ఈ తప్పులు మనుషులే దిద్దుతారు. ఇంకా ఎవరూ దిద్దని పేజీ గుర్తు ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, రెండోవారు సరిచూస్తే ఆకుపచ్చ. ఎర్ర పేజీ నుంచి మాత్రం ఏదీ ఉటంకించకండి.

'అను' అనే పాత డీటీపీ ఫాంట్లతో కట్టిన పుస్తకాలది ఇంకో రోగం. కాపీ చేసి పేస్టు చేస్తే పిచ్చి గీతలొస్తాయి. అక్కడున్నవి తెలుగు యూనికోడ్ అక్షరాలు కావు, ఇంగ్లీషు గుర్తుల స్థానాల్లో కూర్చోబెట్టిన బొమ్మలు. కన్వర్టరుతో మార్చవచ్చు, తర్వాత ఒత్తులు ఒకసారి సరిచూసుకోవాలి.

"పీడీఎఫ్ ఉంటే పుస్తకం ఉన్నట్టే." ఆ స్కాన్లలో ఎక్కువభాగం 600 డీపీఐవే (అంగుళానికి 600 చుక్కలు), కానీ నలుపూ తెలుపూ తప్ప మధ్యలో ఇంకో ఛాయ లేదు. అక్షరాలకు పర్వాలేదు, ఫొటోలు మాత్రం మసిముద్దలు. పేజీలు పోవడం అంతకన్నా పెద్ద నష్టం. దించుకోగానే ఒక పని చేయండి: ఫైలు పేజీ అంకెలోంచి అచ్చు పేజీ అంకె తీసేయండి. ఆ తేడా చివరిదాకా మారకూడదు. 12 ఉన్నది 10 అయిందంటే మధ్యలో ఒక కాగితం పోయింది. 14 అయిందంటే రెండు పేజీలు రెండుసార్లు పడి ఉండొచ్చు. 20 పేజీలకోసారి చూస్తే చాలు, ఎక్కడ తప్పిందో దొరికిపోతుంది.

"లైబ్రరీ దండగ." మరి ఆ పోయిన కాగితం ఎక్కడ వెతుకుతారు? 1891లో ఆసఫియాగా మొదలైన అఫ్జల్‌గంజ్ లైబ్రరీ ఉంది. సుల్తాన్‌బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. వెళ్లేముందు ముద్రణ సంవత్సరంతోపాటు, పోయిన పేజీకి ముందున్న చివరి వాక్యం కూడా రాసుకోండి. అక్కడ వేరే ముద్రణ ఉంటే పేజీ అంకెలు కలవవు, ఆ వాక్యంతోనే చోటు పట్టుకోవాలి.