మా చర్చి పెన్‌డ్రైవ్ గారికి వందనాలతో

మా సంఘపు పదహారు జీబీ పెన్‌డ్రైవ్ గారికి,

వందనాలు. మిమ్మల్ని ‘గారు’ అంటే మా క్వయర్ పోరగాళ్లు నవ్వుతారు. నవ్వనీయండి. దేవరకొండ దగ్గరి మా చర్చిలో ఎర్ర గుడ్డ పరిచి కూర్చోబెట్టేది ఇద్దరినే: పల్పిట్ మీద బైబిల్‌ను, మిక్సర్ మీద మిమ్మల్ని. సంఘ పెద్దలకు కూడా కింద చాపలే గతి.

మొన్న శనివారం కరెంటు పోయి ప్రాక్టీసు ఆగితే, ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ ఉందని మీ కడుపులో ఏముందో చూశాను. 1,140 పాటలు. ఒకే పాట నాలుగు పేర్లతో నాలుగు చోట్ల ఉంది. ఒక ఫోల్డర్ పేరు ‘కొత్తవి’, దాంట్లో ఇంకోటి ‘కొత్తవి కాపీ’, దాంట్లో ‘ఇదే ఫైనల్’. ఇన్నింటిలో మా సంఘం డబ్బు పెట్టి కొన్న పాట ఒక్కటి కూడా లేదు. డబ్బు పెట్టి కొన్నది మిమ్మల్నే, అదీ బస్టాండ్ ముందు సెల్ షాపులో బేరమాడి. ఆ షాపాయన మీతోపాటు రెండొందల పాటలు ‘ఫ్రీ’గా ఎక్కించి ఇచ్చాడు. ఆయన హిందువు. మన పాటలు ఇంత బాగా పంచినవాడు మా సువార్తికుల్లో కూడా లేడు.

మీది చిన్న వంశమేమీ కాదు. మీ తాతగారు రెండు కాసెట్లు పట్టే టేప్ రికార్డర్. మా నాయన తెల్ల కాగితం మీద పాటల లిస్టు రాసి నల్లగొండ వెళ్లి, పొద్దున రికార్డింగ్ షాపులో ఇచ్చి సాయంత్రం కాసెట్ తెచ్చుకునేవాడు. ఆ కాసెట్‌ను పక్కూరి చర్చికి అరువిస్తే, తిరిగొచ్చేసరికి దాని పిల్ల అక్కడ పుట్టి ఉండేది. తర్వాత సీడీలు, మెమరీ కార్డులు వచ్చాయి. మీ తరం వచ్చేసరికి ప్రసవ వేదన కూడా పోయింది. మూడు సెకన్ల పని.

అయినా పోయిన నెల, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల రోజు మీరు చేసిన పని మాత్రం మరిచిపోలేను. పాత్ర వరుసల్లో తిరుగుతోంది. అందరూ తలలు వంచుకున్నారు. మీలోంచి మెల్లగా పాట వస్తోంది. పాట అయిపోయి అంతా నిశ్శబ్దం. అప్పుడు మీలోంచే ఒక ఆడగొంతు, ‘మన ఛానల్‌ను సబ్‌స్క్రైబ్ చేసుకుని బెల్ ఐకాన్ నొక్కండి’ అంది. ముందు వరుసలో మా పెద్దమ్మ కళ్లు తెరవకుండానే ‘ఆమెన్’ అంది.

ఆ రోజు నుంచే మీ మీద నాకు అనుమానం మొదలైంది. యూత్ మీటింగులో అడిగాను, ఈ పాటలు ఇలా తీసుకోవడం దొంగతనం కాదా అని. కీబోర్డ్ తమ్ముడు వెంటనే లేచాడు. ‘అన్నా, ఉచితముగా పొందితిరి, ఉచితముగా ఇయ్యుడి. మత్తయి పది ఎనిమిది.’ నిజమే. కానీ అది ప్రభువు ఇచ్చేవాళ్లకు చెప్పిన మాట. తీసుకునేవాడు ఆ వాక్యం చదివి జేబులో చెయ్యి పెట్టొచ్చని లేదు. ఇంకో అమ్మాయి ఐదు రొట్టెలు, రెండు చేపల సంగతి తీసింది. ప్రభువే కాపీ చేశాడు కదా అని. మంచి పాయింటే. కాకపోతే ఆ రొట్టెలు తెచ్చిన పిల్లవాడు అక్కడే ఉన్నాడు. మన పాటలు తెచ్చిన పిల్లవాడు ఎక్కడున్నాడో మనకు తెలియదు. పేరు కూడా తెలియదు. ఫైల్ పేరు మారుస్తూ మారుస్తూ వాడి పేరు మనమే కొట్టేశాం.

తిమోతికి పౌలు రాసిన మొదటి పత్రికలో ‘నూర్చెడి యెద్దు మూతికి చిక్కము వేయవద్దు’ అని ఉంది, ఆ వెంటనే ‘పనివాడు తన జీతమునకు పాత్రుడు’ అని ఉంది. మా దగ్గర ఇప్పుడు ఎద్దులూ లేవు, చిక్కాలూ లేవు. మిర్యాలగూడ ఆయకట్టంతా హార్వెస్టర్లే. పొలంలో దిగకముందే గంటకు ఎంతో మాట్లాడుకుంటారు. ‘వరి దేవుడిచ్చిందే కదా, ఊరికే కొయ్యి తమ్మీ’ అని ఏ విశ్వాసీ అనగా నేను వినలేదు.

చట్టం మీ విషయంలో ఒక చిత్రమైన పని చేసింది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం నిజమైన మత కార్యక్రమంలో పాట వినిపిస్తే తప్పు కాదు. పెళ్లి ఊరేగింపుకూ ఆ మినహాయింపు ఉంది. అంటే ఆరాధనలో మీరు పాడితే పోలీసు రాడు. అడగకుండా ఆ పాట మీలోకి ఎక్కించి, అక్కడి నుంచి పది చర్చిలకు పంచడానికి మాత్రం ఆ మినహాయింపు లేదు. నోట పడేది అపవిత్రపరచదు, నోటి నుంచి వచ్చేదే అపవిత్రపరుస్తుందని సువార్తలో చదువుకున్నాం. మీ కేసు తిరగబడింది. మీ నోటి నుంచి వచ్చేది పవిత్రం, లోపలికి పోయిందే నేరం.

ఆజ్ఞల లెక్కలోనూ మీకు అదృష్టం ఉంది. ‘దొంగిలకూడదు’ అనేది నల్లగొండ మేత్రాసనం (బిషప్ పరిధి) కేథలిక్కులకు ఏడో ఆజ్ఞ, మా ఎంబీ (మెన్నొనైట్ బ్రెదరన్) చర్చి వాళ్లకు, బాప్టిస్టులకు ఎనిమిదోది. ఇన్ని శతాబ్దాలుగా నంబరు కుదరలేదు. మిమ్మల్ని వదిలేయడంలో మాత్రం రెండు వర్గాలూ ఒక్కటే మాట.

మీకు ముందు ఈ పని చేసిన పెద్దలున్నారు. ఐర్లండులో ఆరో శతాబ్దంలో కొలంబా అనే సన్యాసి తన గురువు ఫిన్నియన్ దగ్గరున్న కీర్తనల గ్రంథాన్ని చెప్పకుండా చేత్తో రాసుకున్నాడట. తగువు రాజు దగ్గరికి పోతే ‘ప్రతి ఆవుకూ దాని దూడ, ప్రతి పుస్తకానికీ దాని కాపీ’ అని తీర్పు చెప్పాడని కథ. ఈ తీర్పుకు వ్యాఖ్యానం మా ఊళ్లో ఎవరికీ అక్కర్లేదు. దూడ ఎవరిదో తేలక మాటలు బందైన ఇళ్లు ఇక్కడ ఇంకా ఉన్నాయి. ఆ తీర్పు నచ్చక ఐర్లండులో యుద్ధమే జరిగిందంటారు. కొలంబా పాపం వేళ్లు నొప్పి పుట్టేలా రాసుకున్నాడు. మా తమ్ముడు మౌస్ నొక్కి చాయ్ తాగడానికి పోతాడు.

అమెరికాలో ఈ గొడవ కోర్టుకెక్కింది. పాటల కాగితాలు అచ్చేసుకుని పంచుకున్నందుకు షికాగో కేథలిక్ మేత్రాసనం మీద ఒక ప్రచురణ సంస్థ 1976లో కేసు వేసింది. తర్వాత 1988లో సీసీఎల్ఐ అనే సంస్థ మొదలైంది. చర్చి సైజును బట్టి ఏడాదికింత కడితే పాటల మాటలు కాపీ చేసుకోవచ్చు. అక్కడే కీత్ గ్రీన్ అనే గాయకుడు 1980లో తన ఆల్బమ్‌ను మీకు ఎంత వీలైతే అంత ఇచ్చి తీసుకోండి అన్నాడు. అదీ పద్ధతే. కాకపోతే ఆ మాట అన్నది గాయకుడు, సెల్ షాపాయన కాదు.

ఎవర్నీ అడగకుండా పాడుకోగల పాటలు మనకు లేవా అంటే, బోలెడు. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1890లోనే చనిపోయారు. ఆయన కీర్తనలకు ఏ కాపీరైటూ అడ్డు రాదు. పుస్తకం బీరువాలోనే ఉంది. ‘వాటికి ట్రాక్ లేదు అన్నా, బీట్ రాదు’ అంటారు పోరగాళ్లు.

ఇంత మాట్లాడుతున్న నేనూ శుద్ధపూసను కాను. సండే స్కూల్లో ‘దొంగిలకూడదు’ పాఠం చెప్పేది నేనే. పాఠానికి ముందు పిల్లలతో చేయించే యాక్షన్ సాంగ్ మీ దగ్గర్నుంచే తెస్తాను.

పోయిన ఆదివారం మన చర్చికి ఒక పిల్లవాడు వచ్చాడు, గుర్తుందా? అచ్చంపేట వైపు నుంచి. సన్నగా, భుజాన బ్యాగుతో. ఆరాధనలో మీరు పాడిన మూడో పాటకు వాడి ముఖం మారిపోయింది. అయిపోయాక మిక్సర్ దగ్గరికొచ్చి నన్ను పక్కకు పిలిచాడు. ఇక పట్టుబడ్డామనుకుని నాకు చెమటలు పట్టాయి. వాడు మెల్లగా అడిగాడు: ‘అన్నా, ఆ పాట నేనే రాసిన. స్టూడియో పైసలకు మా అమ్మ గాజులు కుదువ పెట్టినం. హార్డ్ డిస్క్ ఖరాబై ట్రాక్ పోయింది. మీ దగ్గర ఉన్నది కదా, జర ఒక కాపీ ఇస్తరా?’

ఇచ్చాను. మీ దగ్గర నాలుగున్నాయి కదా, బాగా వినిపించేది వెతికి ఇచ్చాను. ‘దేవుడు మిమ్మల్ని దీవించును గాక’ అని నాకు రెండు చేతులూ జోడించాడు.

పిల్లవాడికి ఏమైనా ఇద్దామని ట్రెజరర్ మామను అడిగాను. ఆయన మంచివాడు, వెంటనే రెండొందలు తీశాడు. వోచర్ రాయడానికే చాలాసేపు ఆలోచించాడు. పద్దుల పుస్తకంలో మైక్ సెట్ కిరాయి ఉంది, చాపలు ఉన్నాయి, క్రిస్మస్ బిర్యానీ ఉంది, మీ ధర కూడా ఉంది. పాట అనే పద్దు లేదు. చివరికి ‘దారి ఖర్చులు’ అని రాసి పిల్లవాడితో సంతకం పెట్టించుకున్నాడు.

ఇట్లు,
మీ మెడ దారం పట్టుకుని తిరిగే,
సౌండ్ చూసుకునే అన్న