కత్తెరకు దక్కాల్సిన గౌరవం

వరంగల్ తివాచీలకు 2018లో, చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ ప్రాంతపు పనితనానికి అసలైన ప్రతీకను మాత్రం ప్రభుత్వం ఇప్పటికీ గుర్తించకపోవడం విచారకరం. అది మా వీధి మెడికల్ షాపు కౌంటరు మీద, మేకుకు నల్లదారంతో కట్టి ఉండే కత్తెర.

పది గోలీల షీటులోంచి నాలుగు అడిగి చూడండి. దుకాణదారు షీటును ట్యూబులైటుకు ఎదురుగా ఎత్తి, మందు పేరు ఏ కొసన ఉందో, గడువు తేదీ ఏ మూల అచ్చయిందో ఒక్క చూపులో లెక్క కడతాడు. తులం బంగారం తెంపే అవుసలాయన కూడా అంత నిదానం పాటించడు. తరువాత కత్తెర రెండుసార్లు కదులుతుంది. పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ, చీటీ లేకుండా వాడవద్దని హెచ్చరించే ఎర్ర గీత, అన్నీ క్షేమంగా తిరిగి డబ్బాలోకి చేరుకుంటాయి. తల్లీ తండ్రీ తెలియని నాలుగు గోలీలు కాగితపు కవరులో పడి మన చేతికి వస్తాయి. కవరు మీద పెన్నుతో 1-0-1 అని రాసి ఉంటుంది. ఆ మూడంకెలలోనే సకల వైద్యశాస్త్రమూ ఇమిడి ఉందని మనం నమ్మి, చిల్లర లెక్కపెట్టుకుని ఇంటికి వస్తాము.

చట్టం ఒప్పుకోదు కదా అని కొందరు అమాయకులు అడగవచ్చు. 1945 నాటి నిబంధనల ప్రకారం హెచ్ షెడ్యూలు మందులను రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ మీదనే అమ్మాలి. ఆ మూడు మాటలను కుదిస్తే ఆర్‌ఎంపీ అవుతుంది. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అంటే ఎవరో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు కనుక, చట్టం అక్షరాలా అమలవుతూనే ఉంది. 2013లో తెచ్చిన హెచ్‌వన్ షెడ్యూలు మందులకైతే, రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం ఒక రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. మా దుకాణంలో ఒక రిజిస్టరు నిజంగానే ఉంది. అందులో ఉద్దెర ఖాతాలను ఒక్క కొట్టివేత లేకుండా దాస్తున్నారు.

పరకాల దగ్గరి పల్లెలో మా మేనత్త ఉంటుంది. మోకాళ్ల నొప్పులకని అక్కడి కత్తెర ఆమెకు ఒక ‘సెట్టు’ కట్టి ఇచ్చింది: ఒక పచ్చ గోలీ, ఒక ఎర్ర గోలీ, ఒక చిన్న తెల్ల గోలీ. (ఇలాంటి సెట్లలో తరచుగా కనిపించే డైక్లోఫినాక్ అనే నొప్పి మందును పశువులకు వాడడం 2006లోనే నిషేధించారు, ఎందుకంటే ఆ కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలు చెడిపోయాయి. బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద గూళ్లు కట్టిన రాబందులకున్నపాటి పలుకుబడి మా అత్తకు లేదు.) మూడో రోజుకే నొప్పి మాయమైంది. ఆకలి పెరిగింది. నాలుగు నెలల్లో ముఖం పున్నమి చంద్రుడిలా గుండ్రమైతే, అత్త ఒళ్లు చేసిందని చుట్టాలందరమూ సంతోషించాము. ఆ నిగారింపు సెట్టులోని స్టెరాయిడ్ ఇచ్చినదని, దాని వెంటే రక్తంలో చక్కెర కూడా పెరుగుతోందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

అన్ని గోలీలు మింగితే కిడ్నీలు ఖరాబైతయని ఎవరో అంటే, ఆమె ఒక్కరోజున అన్నీ మానేసింది. నెలల తరబడి స్టెరాయిడ్ మింగిన ఒంట్లో, అలాంటి పదార్థాన్ని సహజంగా తయారుచేసే గ్రంథులు తమ పని మరచిపోతాయి. అందుకే డాక్టర్లు మోతాదును కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు. 1-0-1లో ఈ సంగతి రాయలేదు. వాంతులతో, పడిపోయిన బీపీతో అత్తను వరంగల్ తెచ్చాము.

“ఏం గోలీలు వేసుకున్నవమ్మా?” అని డాక్టరమ్మ అడిగింది. అత్త కొంగు ముడి విప్పి గోలీల షీటు వెండిరంగు రేకు ముక్క ఒకటి చేతిలో పెట్టింది. దాని మీద కోతకు మిగిలిన అక్షరాలు ‘సోన్’. స్టెరాయిడ్లైన డెక్సామెథాసోన్ కావచ్చు, బీటామెథాసోన్ కావచ్చు, కుష్ఠుకు వాడే డాప్సోన్ కూడా కావచ్చు. వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనాన్ని నేటికీ చదువుకోగలుగుతున్నాము. పోయిన వారం కొన్న మందు పేరు చదవడానికి ఆ డాక్టరమ్మ సెల్‌ఫోను లైటు వేసి కళ్లు చిట్లించవలసి వచ్చింది.

ఆ అర్ధరాత్రి నాకు వ్యంగ్యం తోచలేదు. ఆరు గోలీలు అమ్ముడుపోకుండా మిగులుతాయేమోనని, ఒక ముసలామె ఏం మింగుతోందో ఆమెకే తెలియకుండా కత్తిరించి ఇచ్చిన ఆ చేతికి సిగ్గు లేదు. చదువురాదు కాబట్టి ఆమెకు పేరెందుకు అనుకున్నాడా? ఆమెకు చదువు రాకపోవచ్చు, ఆమెను బతికించవలసిన మనిషికి వచ్చు కదా! నాలుగు నెలలు డబ్బు తీసుకున్నాడు, ఒక్కసారైనా చక్కెర చూపించుకో అనలేదు.

అత్త తేరుకుంది. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే ఏర్పాటు దేశంలో 2010 నుంచి ఉందని, 1800-180-3024కు ఎవరైనా ఉచితంగా ఫోను చేయవచ్చని తెలిసి, నేను ఆ ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మందు పేరు, తయారీ సంస్థ, బ్యాచి నంబరు, గడువు తేదీ అని వరుసగా గళ్లున్నాయి. మొదటి గడిలో ‘సోన్’ అని రాశాను.

నిన్న మా వీధి దుకాణానికి బీపీ గోలీల కోసం వెళ్లి, పేరూ తేదీ ఉన్న కొసనుంచి కోసి ఇమ్మని అడిగాను. కత్తెర గాలిలోనే ఆగింది. దుకాణదారు నన్ను జాలిగా చూశాడు.

“గట్లిస్తే మిగిలినయి ఎవలు కొంటరు సారూ?”