పదకొండో యాప్‌కు తాళం పడుతుందా? వ్యాపారుల గ్రూపుల్లో తిరుగుతున్న సందేశానికి ఖండన

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: “బిజినెస్ సాఫ్ట్‌వేర్లు ఏవీ బయటి యాప్‌లను పదికి మించి వేసుకోనివ్వవు. పెద్ద ప్లాన్ కొనిపించే ఎత్తుగడే తప్ప దీనికి వేరే కారణం లేదు. యాప్‌లు ఎన్ని వేసినా సాఫ్ట్‌వేర్‌కు బరువు కాదు. ఫోనులో ఒకటి తీసేసి ఇంకొకటి వేసుకుంటే లెక్క సరిపోతుంది. టాలీలో ఈ గొడవే లేదు, కావలసినన్ని యాడ్-ఆన్లు వేసుకోండి. పాత వెర్షన్ మాత్రం వదలకండి.” చివర ‘పది మందికి పంపండి’ అని కూడా ఉంది. నాకు తెలిసి అందరికీ ఒకేలా పది అనే నియమం పెట్టింది ఆ చివరి వాక్యమే.

దుకాణాలకు, అడ్తి వ్యాపారులకు, చిన్న కంపెనీలకు ఇలాంటి సాఫ్ట్‌వేర్లు అమర్చిపెట్టడం నా వృత్తి. వాటికి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామును యాడ్-ఆన్ అంటారు. అది అమ్మితే నాకూ నాలుగు డబ్బులు మిగులుతాయి కనుక, ఈ సందేశం ఎంత తిరిగితే నాకు అంత లాభం. అయినా ఇందులో చాలా భాగం తప్పు.

ముందుగా ఆ పది సంగతి. అది గాలిలోంచి ఊడిపడలేదు. ఉద్యోగులు మాట్లాడుకునే స్లాక్ అనే వేదిక ఉంది. దాని ఉచిత ప్లాన్‌లో బయటి యాప్‌లు, సొంతంగా తయారుచేసుకున్నవి, అన్నీ కలిపి పదికి మించి కుదరవు. మనిషికి పది కాదు, సంస్థ మొత్తానికి పది. డబ్బు కట్టే ప్లాన్లలో ఆ పరిమితి లేదు. ఈ ఒక్క నిజాన్ని పట్టుకుని సందేశం రాసినవారు ఊరందరికీ పూసేశారు. కస్టమర్ల వివరాలు, అమ్మకాలు చూసుకునే సేల్స్‌ఫోర్స్‌లో లెక్క యాప్‌ల మీద కన్నా, సమాచారం దాచే పట్టికల మీద నడుస్తుంది. మనం సొంతంగా చేసుకునే పట్టికలు ప్రొఫెషనల్ ఎడిషన్‌లో 50, ఎంటర్‌ప్రైజ్‌లో 200. వాళ్ల యాప్‌ఎక్స్‌ఛేంజ్ దుకాణంలో భద్రతా తనిఖీ దాటి వచ్చిన యాప్‌లు తెచ్చుకునే పట్టికలు ఈ లెక్కలోకి రావు. ఇక ఓడూ అనేది లెక్కలు, సరుకు, అమ్మకాలు అన్నీ చూసుకునే సాఫ్ట్‌వేర్. ఆ సంస్థ తన సర్వర్లలో నడిపే ఆన్‌లైన్ సేవలో బయటివారి మాడ్యూళ్లకు, అంటే అదనపు భాగాలకు, అసలు చోటే లేదు. పది కాదు, సున్నా. అదే ఓడూ కమ్యూనిటీ వెర్షన్ ఉచితం. దాన్ని మన కంప్యూటర్‌లో మనమే నడుపుకుంటే ఎన్ని మాడ్యూళ్లయినా వేసుకోవచ్చు.

‘అంతా డబ్బు కోసమే’ అన్న రెండో మాటకు ఇక్కడే సగం జవాబు దొరుకుతుంది. స్లాక్ విషయంలో ఆ మాట నిజం, దాన్ని కాదనను. కానీ ఓడూ ఆన్‌లైన్‌లో వద్దనడానికి కారణం వేరు. బయటివారు రాసిన కోడ్ తమ సర్వర్ మీద నడవాలి, వెర్షన్ మారినప్పుడల్లా దాన్ని కూడా తామే మోయాలి. ఆ పూచీ వాళ్లు తీసుకోరు.

మిగతా సగం జవాబు 2025 ఆగస్టులో వచ్చింది. సేల్స్‌లాఫ్ట్ అనే సంస్థకు డ్రిఫ్ట్ అనే చాట్ యాప్ ఉంది. కంపెనీలు దాన్ని తమ సేల్స్‌ఫోర్స్ ఖాతాలకు తగిలించుకున్నాయి. ఆ యాప్ దగ్గరున్న అనుమతి టోకెన్లను, అంటే పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి రానిచ్చే డిజిటల్ తాళంచెవులను, దొంగలు కాజేసి, ఆగస్టు 8 నుంచి 18 వరకు 700కు పైగా సంస్థల సమాచారానికి ఎసరు పెట్టారు. బాధితుల్లో క్లౌడ్‌ఫ్లేర్, జీస్కేలర్, పాలో ఆల్టో నెట్‌వర్క్స్ ఉన్నాయి. ఇతరులకు భద్రత అమ్ముకుని బతికే కంపెనీలివి! పాస్‌వర్డ్ ఎవరూ చెప్పలేదు, సేల్స్‌ఫోర్స్ గోడకు ఎవరూ కన్నం వేయలేదు. తగిలించిన యాప్ ఒక్కటి చాలింది. పది యాప్‌ల పరిమితి ఉన్నా ఆ ఒక్కటీ అందులో హాయిగా ఇమిడేది. ఎన్ని యాప్‌లు అని లెక్కపెట్టుకుంటూ కూర్చునేవారు ఏ యాప్‌కు ఏ తాళంచెవి ఇచ్చామో చూడరు. నా పోరంతా అందుకే.

అదే ఏడాది సెప్టెంబరులో సేల్స్‌ఫోర్స్ ఇంకో కట్టడి తెచ్చింది. అడ్మిన్ పద్ధతి ప్రకారం ఇన్‌స్టాల్ చేయని యాప్‌లను మామూలు ఉద్యోగులు తమంతట తాము ఖాతాకు కలుపుకోవడం చాలావరకు ఆగిపోయింది. ఎవరో ఫోను చేసి ‘మేం ఐటీ విభాగం నుంచి’ అని నమ్మించి, నకిలీ యాప్‌కు అనుమతి ఇప్పించిన మోసాలు అంతకుముందే జరిగాయి. ఈ కట్టడిలో ఎవరూ ఎవరికీ పెద్ద ప్లాన్ అమ్మలేదు.

మూడోది, బరువు. సందేశంలో అన్నింటికన్నా నష్టం చేసే మాట ఇదే. మిర్చి రోజుల్లో వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డుకు బస్తాలు ఎన్ని వచ్చినా కాంటాలు పెరగవు, వరుసే పెరుగుతుంది. ఇక్కడా అంతే. సేల్స్‌ఫోర్స్‌లో అప్పటికప్పుడు నడిచే ఒక లావాదేవీకి దొరికే ప్రాసెసర్ సమయం 10 సెకన్లే. తనిఖీ దాటిన యాప్‌లకు డేటాబేస్ ప్రశ్నల లెక్క విడిగా ఇస్తారు గాని, ఈ 10 సెకన్లను మాత్రం అందరూ పంచుకోవాల్సిందే. ఒక యాప్ ఎనిమిది తినేస్తే మిగిలినవి రెండులో సర్దుకోవాలి, లేకపోతే లావాదేవీ మొత్తం రద్దవుతుంది. బయటి యాప్‌లు వచ్చి సమాచారం అడిగే సార్లకూ హద్దుంది. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో 24 గంటలకు 1,00,000, దానిపై ఒక్కో యూజర్ లైసెన్సుకు మరో 1,000. ప్రతి నిమిషం వచ్చి ‘కొత్తది ఏమైనా ఉందా’ అని అడిగే యాప్‌లు ఈ సంఖ్యను ఇట్టే తినేస్తాయి.

టాలీలో ఇదే కథ ఇంకో రూపంలో నడుస్తుంది. తక్‌పట్టీ (రైతుకు ఇచ్చే తూకం, ధరల చీటీ) ముద్రించడానికి ఒక యాడ్-ఆన్, రైతుకు సందేశం పంపడానికి ఒకటి, బకాయిల రంగులు మార్చడానికి ఇంకొకటి. వీటిలో చాలా వరకు ఒకే వోచర్ తెర మీద పనిచేస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బిల్లు సేవ్ కావడానికి గుమాస్తా నిరీక్షిస్తుంటే, యజమాని కంప్యూటర్‌ను తిట్టి కొత్తది కొంటాడు. కొత్త కంప్యూటర్‌లోనూ అవే యాడ్-ఆన్లు వేస్తారు. పైగా వాటిలో కొన్ని అనవసరం కూడా. ఈ-ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు టాలీప్రైమ్‌లోనే ఉన్నాయి. అవే పనులకు విడిగా డబ్బు పోసి యాడ్-ఆన్ కొన్న దుకాణాలు మన దగ్గర ఉన్నాయి.

ఫోనులో తీసేస్తే లెక్క తగ్గుతుందన్నది శుద్ధ అబద్ధం. ఫోనులో పోయేది బొమ్మ మాత్రమే. ఖాతాకు ఇచ్చిన అనుమతి సర్వర్ దగ్గర అలాగే ఉంటుంది. ఖాతా సెట్టింగులలోకి వెళ్లి దాన్ని రద్దు చేయాలి. స్లాక్‌లో కూడా సంస్థ ఖాతా నుంచి యాప్‌ను తొలగిస్తేనే ఆ పదిలో ఒక చోటు ఖాళీ అవుతుంది. సేల్స్‌ఫోర్స్‌లో మనం చేసుకున్న పట్టికను తొలగించినా, పూర్తిగా చెరిపేసేదాకా అది లెక్కలోనే ఉంటుంది. పని మానేసిన ఉద్యోగి ఎప్పుడో కలిపిన యాప్‌లు ఇలాగే బతికి ఉంటాయి. కస్టమర్ల ఫోను నంబర్లు వాటి ద్వారా బయటకు పోతే, 2023 నాటి వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం నిబంధనలు అమల్లోకి వచ్చాక ముందుగా ప్రశ్నించేది ఆ నంబర్లు సేకరించిన వ్యాపారినే.

ఇక టాలీ. అందులో టీడీఎల్ (టాలీ సొంత ప్రోగ్రామింగ్ భాష)లో రాసే యాడ్-ఆన్లకు స్లాక్ మాదిరి పది అనే లెక్క లేదు, ఆ మేరకు సందేశం సరైనదే. అయితే మనకు ఇచ్చేది చాలాసార్లు టీసీపీ ఫైలు, అంటే కోడ్‌ను మూసికట్టి ఇచ్చిన రూపం. లోపల ఏం రాశారో మనకు కనబడదు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఇంకో చిక్కుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేయాలి, ఆ నమోదును ఆపేసే వీలు ఉండకూడదు. ‘పాత బిల్లు దిద్దినా జాడ కనబడదు’ అంటూ ఎవరైనా యాడ్-ఆన్ అమ్మజూపితే, దాన్ని వేయించుకునే ముందు ఆడిటర్‌కు ఒక ఫోను చేయండి.

పాత వెర్షన్ వదలవద్దన్న సలహాలో భయం నిజమైనదే. వెర్షన్ మారితే కొన్ని యాడ్-ఆన్లు ఆగిపోతాయి. కానీ జీఎస్టీ రిటర్నుల మార్పులు వచ్చేది కొత్త వెర్షన్లలోనే. పాతదాన్ని పట్టుకు కూర్చుంటే ఆ పనంతా మళ్లీ ఎక్సెల్‌లో చేతితో చేసుకోవాలి. యాడ్-ఆన్ కొనేటప్పుడే, కొత్త వెర్షన్‌కు దాన్ని సరిచేసి ఇచ్చే బాధ్యత ఎవరిది, దానికి ఎంత తీసుకుంటారు అన్నది రసీదు మీద రాయించుకోండి. వెర్షన్ మార్చే రోజు డేటా బ్యాకప్ తీసి, యాడ్-ఆన్లన్నీ ఆపి, ఒక్కొక్కటిగా తిరిగి వేస్తూ బిల్లు కొట్టి చూడండి. ఆ పని మిర్చి రాక మొదలుకాక ముందే పెట్టుకోండి. ఫిబ్రవరిలో నాకు ఫోను చేస్తే నేను ఖాళీగా ఉండను.