సిడ్నీ ఆంగ్లికన్లకు డోర్నకల్ నుంచి ఒక మాట

డిసెంబర్ మొదలైందంటే పశ్చిమ సిడ్నీలో మన లెటర్‌బాక్సుల్లో ఒక కార్డు పడుతుంది. పార్కులో కేరల్స్, సాసేజ్ సిజిల్ ఫ్రీ, పిల్లలకు జంపింగ్ కాజిల్. అడుగున చిన్న అక్షరాల్లో దగ్గరలోని ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయపు) చర్చి పేరు. వెళ్లొచ్చిన వాళ్లకు ఆ సంబరం తెలుసు. ఎనిమిది దాటినా వెలుతురు పోదు, దోమలు కుడుతుంటాయి, పిల్లల చేతుల్లో బ్యాటరీ కొవ్వొత్తులు వెలిగీ వెలగనట్టు మినుకుమంటాయి. పాటల మధ్యలో షార్ట్స్ వేసుకున్న ఒకాయన స్టేజి ఎక్కి, పది నిమిషాలు పాపం, క్షమాపణ, సిలువ గురించి మాట్లాడి దిగిపోతాడు. ఆ షార్ట్స్ మనిషే ఆ చర్చి పాస్టరు.

"పండగ పూట ఆ పాపం గోలేంటండీ? హాయిగా పాటలు పాడించి పంపొచ్చుగా" అని మన తెలుగు సంఘం మిత్రులు చాలామంది నన్ను అడుగుతుంటారు. నేను పుట్టింది కృష్ణా జిల్లా సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబంలో, ఇక్కడ వెళ్లేది ఆంగ్లికన్ చర్చికి, కాబట్టి జవాబు చెప్పాల్సిన బాధ్యత నామీద పడుతుంది. ఆ పది నిమిషాలు ఉండాల్సిందేనని నా అభిప్రాయం. నా పేచీ అంతా మిగతా గంటతోనే.

ఆంగ్లికన్ అనగానే మనకు తెల్లటి అంగీలు, కోయిర్, పైప్ ఆర్గన్ గుర్తొస్తాయి. సిడ్నీ డయోసిస్, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం, అలా ఉండదు. ప్రపంచంలోని ఆంగ్లికన్ డయోసిస్‌లలో బాగా సంప్రదాయవాద ఇవాంజెలికల్ అని పేరున్న వాటిలో ఇదొకటి. వీళ్ల సంప్రదాయవాదం సిద్ధాంతంలో ఉంటుంది, బట్టల్లో ఉండదు. బైబిల్ మాటే చివరి మాట. ఆంగ్లికన్ నమ్మకాలను చెప్పే ముప్ఫై తొమ్మిది ఆర్టికల్స్, 1662 నాటి ప్రార్థన పుస్తకంలోని సిద్ధాంతం వీళ్లకు ఇప్పటికీ గీటురాయి. పాస్టర్లలో ఎక్కువమంది న్యూటౌన్‌లోని మూర్ కాలేజీలో గ్రీకు, హీబ్రూ నేర్చుకుని వస్తారు. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్ల ఆరాధనలో గురువు వేసుకునే చాజుబుల్ అనే పై వస్త్రాన్ని ఈ డయోసిస్‌లో నిషేధించి వందేళ్లు దాటింది. ఆదివారం వెళ్తే ఒక స్క్రీన్, గిటారు, అరగంట ప్రసంగం, ఆ తర్వాత కాఫీ. ఆ ప్రసంగం కూడా బైబిల్లోని ఒక పుస్తకం మొదలుపెట్టి అధ్యాయం తర్వాత అధ్యాయం సాగుతుంది. రోమా పత్రిక మొదలైతే నెలల తరబడి రోమా పత్రికే.

ఇక ఆ పది నిమిషాల సంగతి. ఆస్ట్రేలియా జనాభా లెక్కల్లో ఆంగ్లికన్లమని చెప్పుకున్నవాళ్లు 2016లో 13.3 శాతం, 2021లో 9.8 శాతం. ఏ మతమూ లేదన్నవాళ్లు 2021లో 38.9 శాతం. జనం ఇలా జారిపోతుంటే ఎవరైనా ఏం చేస్తారు? మాట మెత్తబరుస్తారు. పసిబాలుడు, శాంతి, కుటుంబం అంటూ ఎవరికీ గుచ్చుకోని నాలుగు ముక్కలు చెప్పి పంపేస్తారు. వీళ్లు అలా చేయరు. పశువుల తొట్టిలో పడుకున్న బిడ్డ ఎందుకు పుట్టాడో చెప్పకుండా ఆయన పుట్టినరోజు చేయడం కుదరదంటారు. మాల్‌లో బేబీ జీసస్ బొమ్మ తీసేశారని గొడవ చేసేవాళ్లు కూడా వీళ్లలో తక్కువే. సువార్త చెప్పాల్సింది చర్చి కదా, మాల్ ఎందుకు చెబుతుంది అనే ధోరణి. ఇది నాకు భలే నచ్చుతుంది.

మన దీపావళి స్టేజి సంగతి ఒకసారి చూడండి. స్పాన్సర్లకు శాలువాలు, రియల్ ఎస్టేట్ స్టాళ్లు, ఎంపీగారి "నమస్తే", పద్నాలుగు సినిమా డాన్సులు. నరకాసురుడు ఎవరో, దీపం ఎందుకు పెడతామో ఇక్కడ పుట్టిన మన పిల్లలకు రెండు నిమిషాలు చెప్పే మనిషి ఆ స్టేజి మీద కనిపించడు. పండగ ఎందుకో చెప్పడానికి మొహమాటపడని వాళ్లను చూస్తే నాకు గౌరవమే కలుగుతుంది, అది ఏ పండగైనా సరే.

ఇదంతా తెల్లవాళ్ల వ్యవహారం అనుకునే వాళ్లకు ఒక మాట. 2021 నుంచి సిడ్నీ ఆర్చిబిషప్‌గా ఉన్న కనిష్క రాఫెల్‌గారి తల్లిదండ్రులు శ్రీలంక వాళ్లు. ఆయన బౌద్ధుడిగా పెరిగి, యూనివర్సిటీ రోజుల్లో యోహాను సువార్త చదివి క్రైస్తవుడయ్యారు.

మనకు ఈ చర్చితో ఉన్న చుట్టరికం ఇంకా పాతది. 1788లో ఖైదీల ఓడలతో పాటు సిడ్నీకి వచ్చిన మొదటి పాదిరి రిచర్డ్ జాన్సన్. ఫిబ్రవరి 3న చెట్టు కింద మొదటి ప్రసంగం చేశాడు. ఆయన్ను ఇక్కడికి పంపించడంలో జాన్ న్యూటన్ చేయి ఉంది. న్యూటన్ అంటే బానిస ఓడలు నడిపి, ఆ తర్వాత పాదిరి అయిన మనిషి. ఆ న్యూటన్ చుట్టూ ఉన్న ఇవాంజెలికల్ మిత్రబృందం నుంచే 1799లో చర్చ్ మిషనరీ సొసైటీ, అంటే మన పెద్దవాళ్లు చెప్పే సీఎంఎస్, పుట్టింది. ఆ సీఎంఎస్ 1841లో రాబర్ట్ నోబుల్‌నీ, హెన్రీ ఫాక్స్‌నీ బందరుకు పంపింది. బందరు నోబుల్ కాలేజీ పేరు ఆయనదే. ఆ లెక్కన సిడ్నీ చర్చీ, బందరు చర్చీ అన్నదమ్ముల బిడ్డలు. ఒకే ఇంట్లో నేర్చిన సిద్ధాంతం.

మరి పండగ దగ్గరకొచ్చేసరికి దారులు ఎక్కడ వేరయ్యాయి? నా లెక్కలో డోర్నకల్ దగ్గర. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో వి.ఎస్. అజరయ్యగారు డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయన. పుట్టింది తిరునెల్వేలి ప్రాంతంలో, మాతృభాష తమిళం, బతుకంతా తెలుగు పల్లెలకే. సిద్ధాంతంలో ఆయన్ను మెత్తటి మనిషి అనడానికి వీల్లేదు. బాప్తిస్మం తీసుకునేవాళ్ల చేతులు వాళ్ల నెత్తిమీదే పెట్టించి, "సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అని పలికించేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. పాస్టరు ఒక్కడే కాదు, కూలికెళ్లే మనిషి కూడా సాక్షే అని దాని భావం. సిడ్నీ వాళ్లు దీనికి చప్పట్లు కొడతారు.

ఆ మనిషే కట్టించిన కెథడ్రల్ చూడండి. దాదాపు పాతికేళ్లు పట్టి, 1939లో ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది, లోపలి స్తంభాలు చూస్తే గుడి మండపం గుర్తొస్తుంది. అది చర్చి అని చెప్పడానికి సిలువ ఉంది. లోపల ప్రకటించింది మాత్రం బందరులో ప్రకటించిన సువార్తే. మన కీర్తనల పుస్తకంలో ప్రతి పాట నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. వంటకు ముందు ఆడవాళ్లు పిడికెడు బియ్యం తీసి విడిగా ఉంచి ఆదివారం చర్చికి పట్టుకెళ్లేవాళ్లు. క్రిస్మస్‌కి రాత్రంతా ఇంటింటికీ కేరల్స్, వెదురుబద్దల నక్షత్రం, కొత్త బట్టలు, పక్కింటి హిందువులకూ ముస్లింలకూ పంచే గులాబీ పువ్వులనే పిండివంట, అరిసెలు. కంటికీ చెవికీ నోటికీ పని పెట్టినందువల్ల సిద్ధాంతం పలచబడలేదు. అది నిలబడింది దాని వల్లే అంటాను నేను.

సిడ్నీలో ఆ మిగతా గంట చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం (అడ్వెంట్) చాలా చర్చిల్లో వచ్చి వెళ్లినట్టే తెలియదు. పండగ ఒక "అవకాశం"గా మారిపోయింది. కొత్తవాళ్లు వస్తారు, చిన్న పుస్తకం ఇవ్వాలి, జనవరి తర్వాత పెట్టే కోర్సుకి పేర్లు రాయించుకోవాలి. వచ్చినవాళ్ల సంగతి సరే, ఏడాదంతా ఉన్నవాళ్లం పండగ ఎప్పుడు చేసుకోవాలి? 26వ తేదీకల్లా సగం సంఘం బీచ్‌లో ఉంటుంది. ఆచారం అంటే వీళ్లకున్న అనుమానం పాతదే. 1647లో ఇంగ్లండ్ పార్లమెంటును ఏలిన ప్యూరిటన్లు క్రిస్మస్ పండగనే నిషేధించారు. వీళ్లు అంత దూరం పోరు, కానీ పూలు, దీపాలు, ఊరేగింపు కనిపిస్తే ఆ పాత భయం ఒళ్లు విరుచుకుంటుంది. ఆ ఖాళీలోకి నవంబర్ నుంచే మాల్ దూరిపోతుంది. పిల్లలకు పండగ ఎలా ఉండాలో నేర్పేది చివరికి వెస్ట్‌ఫీల్డ్ మాలే.

సమకాలీన సమాజంతో వీళ్ల పేచీల గురించి కూడా అడుగుతారు. 2017లో స్వలింగ వివాహాల మీద పోస్టల్ సర్వే జరిగినప్పుడు డయోసిస్ "నో" ప్రచారానికి పది లక్షల డాలర్లు ఇచ్చింది. వివాహం గురించి చర్చి తన నమ్మకాన్ని చెప్పడం దాని హక్కు. ఆ డబ్బు మాత్రం ఇవ్వకుండా ఉండాల్సిందని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఇక స్త్రీలు. 1989 నుంచి ఇక్కడ స్త్రీలు డీకన్లు (గురువు కంటే కింది మెట్టు) అవుతున్నారు గానీ గురువులుగా అభిషేకం లేదు. బైబిల్లో పౌలు తిమోతికి రాసిన మాటల మీద వాళ్ల నమ్మకం అది, ఆడవాళ్లంటే చిన్నచూపుతో కాదు, నేను దగ్గరగా చూశాను. అయినా 2013లో నంద్యాల సీఎస్ఐ డయోసిస్‌కి ఇ. పుష్పలలితగారు బిషప్ అయ్యారు. ఆవిడే సిడ్నీలో ఉండి ఉంటే ఒక చిన్న పారిష్‌కి (స్థానిక చర్చికి) కూడా రెక్టర్ (ప్రధాన పాస్టరు) అయ్యేవారు కాదు. ఈ విషయంలో నేను నంద్యాల పక్షం.

ఇన్ని అంటున్నా ఆ చర్చి మానలేదు, మానను. పాస్టరుగారు అందర్నీ తనను పేరుపెట్టి పిలవమంటారు. మా పిన్ని ఆ పేరు వెనక "అయ్యగారు" తగిలించి గానీ పిలవదు. ఆయనకూ అలవాటైపోయింది, ఆవిడ ఫోన్ చేస్తే తనే "అయ్యగారు స్పీకింగ్" అంటాడు.

ఈసారి తెలుగు కుటుంబాలన్నీ కలిసి చర్చి వాళ్లను ఒక మాట అడిగాం. మార్చిలో పెట్టే "మల్టీకల్చరల్ సండే"లో కాకుండా, డిసెంబర్ 24 రాత్రి అసలు ఆరాధనలోనే రెండు కీర్తనలు, తబలాతో. పాటల్లో సిద్ధాంతం ఎలా ఉందో చూడాలి, ఇంగ్లిష్ అర్థం ఇవ్వమన్నారు. ఇచ్చాం. చదివి, తమ పాటల కంటే ఇందులో సిలువ ఎక్కువే ఉందన్నారు. తబలా సంగతి వార్డెన్లతో (చర్చి పెద్దలతో) మాట్లాడి చెబుతారట.