కుక్కపిల్లకు ఏ మూల కలిసొస్తుంది?

హైదరాబాదులో ఫ్లాటు కొనేవాడు గోడలో ఇసుకెంతో సిమెంటెంతో అడగడు గానీ, బాత్‌రూమ్ ఏ మూలనుందో మాత్రం దిక్సూచి పెట్టి చూస్తాడు. వాయవ్యంలో ఉంటే సంతకం, ఈశాన్యంలో ఉంటే బేరం రద్దు. అంతటి జాగ్రత్తపరుడు కూడా రెండు నెలల కుక్కపిల్లను ఇంటికి తెచ్చేటప్పుడు దాని దొడ్డి ఏ దిక్కునో ఆలోచించడు. అది వచ్చిన పావుగంటకే తిన్నగా ఈశాన్యానికి నడిచి, పూజగది గడప పక్కన వెనక కాళ్లు కాస్త వంచి, పని కానిచ్చి వచ్చేస్తుంది.

దీన్ని అపచారం అనడం తొందరపాటు. కుక్కపిల్ల వాస్తు కుక్కపిల్లకుంది. తిన్నచోట, పడుకున్నచోట పోయకూడదు. ఒకసారి పోసినచోట మళ్లీ పోయవచ్చు. శాస్త్రమంతా ఇంతే. 1,200 చదరపు అడుగుల ఇంట్లో అది పడుకునేది రెండడుగులు, తినేది ఒకడుగు. మిగిలిన 1,197 అడుగులూ శాస్త్రసమ్మతమే.

కాబట్టి ఇల్లంతా ఒకేసారి దాని పేర రాసివ్వకండి. నిలబడి, ఒక చుట్టు తిరిగి, కాళ్లు చాపుకుని పడుకోవడానికి సరిపోయే బోను చాలు. ఎలాగూ పెరుగుతుంది కదా అని, పిల్లలకు రెండు సైజులు పెద్ద యూనిఫాం కుట్టించినట్టు పెద్ద బోను కొంటే, అది ఒక మూల పడకగది, ఇంకో మూల అటాచ్డ్ బాత్‌రూమ్ ఏర్పాటు చేసుకుంటుంది. కొనేసి ఉంటే మధ్యలో జాలీ అడ్డం పెట్టి, ఎదిగేకొద్దీ వెనక్కి జరపండి.

ఇక ముహూర్తాలు. నిద్ర లేవగానే ఒకటి, తిన్న పది ఇరవై నిమిషాలకు ఒకటి, ఆట ముగియగానే ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. పగటిపూట ఎంతసేపు ఆపుకోగలదంటే, దాని వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలపండి, అన్ని గంటలు. రెండు నెలలదానికి మూడు గంటలు. అదీ పడుకుని ఉంటేనే. గెంతుతుంటే గంట కూడా ఎక్కువే. అర్ధరాత్రి ఒక అలారం తప్పదు. రాహుకాలం గంటన్నర ఉంటుంది, పైగా క్యాలెండర్‌లో ముందే వేసి ఉంటుంది. కుక్కపిల్ల దుర్ముహూర్తం అర నిమిషం. ముక్కు నేలకు ఆనిస్తుంది, ఉన్నచోటే చుట్లు తిరుగుతుంది, ఆడుతున్నది ఉన్నట్టుండి పెద్దమనిషిలా గంభీరమైపోతుంది, చడీచప్పుడు లేకుండా సోఫా వెనక్కి బయల్దేరుతుంది. అప్పుడు ఫోన్ అవతల పడేసి చంకనెత్తుకోవాలి. నడిపిస్తే దారిలోనే అయిపోతుంది. ఐదో అంతస్తు నుంచి దిగే లిఫ్టు నాలుగులో ఆగుతుంది, మూడులో ఆగుతుంది. చంకలో ఉన్నంతసేపూ చాలామటుకు ఆపుకుంటుంది. నేల మీద దించారా, సాయంత్రానికి అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫోటో.

అసలు కిందికి దించే తొందరే వద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలయ్యే టీకాలు, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల దాకా నడుస్తాయి. ఈలోగా వీధికుక్కలు తిరిగే మట్టిలో, కుక్కపిల్లల ప్రాణం మీదికి తెచ్చే పార్వో వైరస్ ఉండవచ్చు, అది నెలల తరబడి బతుకుతుంది. కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో కుక్కల కోసమే తెరిచిన పార్కు కూడా అప్పటిదాకా ఆగాల్సిందే. నర్సరీలో లాన్ గడ్డి ముక్క తెచ్చి, ట్రేలో పరిచి బాల్కనీలో పెట్టండి. వాయవ్యపు బాల్కనీ అయితే రెండు శాస్త్రాలూ కలిసొచ్చినట్టే. పాత పేపర్లు పరిచే పద్ధతి చవకే. కాకపోతే కుక్కపిల్ల నేర్చుకునే పాఠం 'కాగితం మీద పోయాలి' అని. మీరింకా చదవని ఆదివారం అనుబంధం కూడా కాగితమే.

తప్పు జరిగినచోట శాంతి చేయించాలి, ఫినాయిల్‌తో మాత్రం కాదు. ఫినాయిల్ ఘాటు మన ముక్కును మోసం చేస్తుంది. కింద ఉన్న అసలు వాసన కుక్క ముక్కుకు సైన్‌బోర్డులా కనిపిస్తూనే ఉంటుంది. పైగా ఆ తడిలో నడిచి పాదాలు నాకితే దాని ఒంటికి చెరుపు. ముందు పొడిగుడ్డతో అద్ది పీల్చేయండి, రుద్దితే టైల్స్ సందుల్లోకి దిగుతుంది. తర్వాత మూత్రపు వాసనను మూలంతో సహా తీసేసే ఎంజైమ్ క్లీనర్ పోసి పదిహేను నిమిషాలు తడిగా వదిలేయండి. అది దొరక్కపోతే వెనిగర్, నీళ్లు సమపాళ్లలో. టైల్స్ మీద పరవాలేదు. పాతింటి తాండూరు బండల మీద, మార్బుల్ మీద పోశారా, అవి సున్నపురాయి జాతివి కాబట్టి మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. ఆ మచ్చకు కుక్కపిల్ల బాధ్యత వహించదు.

మూతి పట్టుకుని తడిలో రాసి రెండు తగిలించడం తాతల నాటి శాస్త్రం. దానివల్ల కుక్కపిల్లకు వచ్చే జ్ఞానం ఒక్కటే: అయ్యగారు చూస్తుండగా పోయకూడదు. ఆ తర్వాత బాల్కనీలో మీరు అరగంట నిలబడ్డా చుక్క రాలదు, మీరు తల తిప్పగానే మంచం కింద చెరువు. పని కాగానే, అక్కడే, రెండు సెకన్లలోపు గోరంత ఉడికించిన చికెన్ ముక్క పెట్టండి. లోపలికొచ్చి ఫ్రిజ్ తీసి పెడితే, ఫ్రిజ్ దగ్గరికి వచ్చినందుకు బహుమతి అనుకుంటుంది. మాట కూడా ఇంటిల్లిపాదికీ ఒకటే ఉండాలి. నానమ్మ 'సుస్సు పొయ్యి నాన్నా' అని, అబ్బాయి 'గో గో' అని, పనమ్మాయి 'ఛీ ఛీ' అని అంటుంటే అది ముగ్గురి ముఖాలూ చూసి తోక ఊపుతుంది. అన్నట్టు, జాలిపడి గిన్నెడు పాలు పోయకండి. చాలా కుక్కలకు పాలు అరగవు. విరేచనాలు పట్టుకుంటే ఏ ముహూర్తమూ నిలవదు.

ఇన్నీ కుదిరాక కూడా, ఇంటికి ఎవరొచ్చినా సంతోషం పట్టలేక వాళ్ల కాళ్ల దగ్గర నాలుగు చుక్కలు వదిలే పిల్లలుంటాయి. అది తప్పు కాదు, తిట్టకూడదు, ఎదిగేకొద్దీ తగ్గిపోతుంది. అప్పటిదాకా వచ్చినవాళ్లు వంగి ముద్దు చేయకుండా, దాని కళ్లలోకి చూడకుండా ఐదు నిమిషాలు పైకప్పు చూస్తూ నిలబడాలి. వాస్తు సిద్ధాంతిగారికి ఇందులో ఇబ్బంది లేదు, ఆయన ఎలాగూ దూలాలే చూస్తారు. ఆయన చెప్పులు మాత్రం ఎత్తుగా ఎక్కడైనా పెట్టండి.